ఒంట్లో ఇనుము ఉంది, రక్తంలో లేదు

పోయిన నెల ఇదే పేజీలో హెప్సిడిన్ గురించి నాలుగు ముక్కలు రాశాను. చదవనివాళ్ల కోసం మళ్లీ చెబుతా. అది కాలేయంలో తయారయ్యే బుల్లి పెప్టైడ్, 25 అమైనో ఆమ్లాలు వరసగా కలిసిన ముక్క, అంతే. మొదట్లో సూక్ష్మజీవుల్ని చంపే పదార్థంగా దొరికింది, తీరా చూస్తే ఒంట్లో ఇనుము ఎటు పోవాలో ఎక్కడ ఆగాలో నిర్ణయించేది అదేనని తేలింది. ఈ పెప్టైడుకూ, ఇనుముకూ, టీబీ క్రిమికీ ఉన్న లంకె మీద పరిశోధకులు పాతికేళ్లుగా పని చేస్తున్నారని కూడా రాశాను. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. అందులో సగం ‘అయితే ఐరన్ మాత్రలు మానెయ్యాలా’ అనే. అందుకని ఈసారి పేజీ మొత్తం వాటికే. ముందే చెబుతున్నా, నేను మైక్రోబయాలజీ పాఠాలు చెప్పినదాన్నే గానీ వైద్యం చేసే డాక్టర్ని కాదు. మందు మార్చాలన్నా ఆపాలన్నా మీ డాక్టరు గారి మాటే.

ప్రశ్న: మేడం గారూ, మా ఆయనకు ఊపిరితిత్తుల టీబీ అని తేలి నెలన్నర అయింది. గవర్నమెంటు మందులు రోజూ మింగుతున్నారు. రక్తం 8.9 ఉంది. డాక్టరు ఐరన్ ఇప్పుడే వద్దు, చూద్దాం అన్నారు. మా అత్తమ్మ ఊరుకోవడం లేదు, ‘రక్తం లేని మనిషికి రక్తం పట్టే మందు వద్దనే డాక్టరేంది’ అని షాపులో టానిక్ తెచ్చి పూటకు రెండు మూతలు పోస్తోంది. పైగా మూత్రం ఎర్రగా వస్తోంది, రక్తమంతా అట్లా పోతోందని ఏడుపు. ఎవరి మాట వినాలి? (ఒక సోదరి, కావలి)

జవాబు: ముందు ఆ ఎర్ర మూత్రం సంగతి చెబుతా తల్లీ, మీ అత్తమ్మకు ఆ టెన్షన్ తీరుతుంది. టీబీ మందుల్లో రిఫాంపిసిన్ అని ఒకటి ఉంటుంది, దాని రంగే ఎరుపు. మూత్రం, చెమట, ఒక్కోసారి కన్నీళ్లు కూడా నారింజ రంగులో వస్తాయి. అది మందు రంగు, రక్తం కాదు. ఇంకో మాట, ఐరన్ టానిక్ తాగితే విరేచనం నల్లగా అవుతుంది. దాన్ని చూసి ఇంకో భయం పెట్టుకోకండి.

ఇక అసలు విషయం. పెద్దవాళ్ల ఒంట్లో మొత్తం ఇనుము మూడు నాలుగు గ్రాములు. మనం తినేదాంట్లోంచి రోజుకు ఒంటికి పట్టేది ఒకటి రెండు మిల్లీగ్రాములే. కానీ ఎముక మజ్జ కొత్త ఎర్ర కణాలు తయారు చేయాలంటే రోజుకు 20 నుంచి 25 మిల్లీగ్రాములు కావాలి. ఆ మిగతాది ఎక్కడినుంచి వస్తుంది? పాతదాన్నే మళ్లీ వాడుకుంటుంది. ఎర్ర కణం ఆయుష్షు 120 రోజులు, ఆ గడువు అయిపోయిన కణాల్ని మాక్రోఫేజ్ అనే తెల్ల కణాలు మింగేసి, లోపలి ఇనుమును తీసి రక్తంలోకి వదులుతాయి. వదలడానికి వాటి గోడ మీద ఫెర్రోపోర్టిన్ అనే ఒకే ఒక్క దారి ఉంటుంది. హెప్సిడిన్ వచ్చి ఆ ఫెర్రోపోర్టిన్‌కు అతుక్కుంటే అది లోపలికి ముడుచుకుని నాశనమైపోతుంది, ఇనుము కణంలోనే ఉండిపోతుంది. పేగులో కూడా ఇదే దారి, ఇదే కథ. సోమశిలలో నీళ్లు నిండుగా ఉండి గేట్లు దించేస్తే కింద కాలవలు ఎండుతాయి కదా, అదీ మీ ఆయన పరిస్థితి.

గేట్లు ఎందుకు దించుతుంది ఒళ్లు? టీబీ లాంటి జబ్బు లోపల రగులుతుంటే ఇంటర్‌ల్యూకిన్-6 అనే పదార్థం పెరుగుతుంది, అది కాలేయానికి అందగానే హెప్సిడిన్ తయారీ పెరుగుతుంది. రక్తంలో ఇనుము తగ్గితే క్రిములకు దొరకదు, అదీ లెక్క. దాని వల్ల మజ్జ కూడా పస్తు పడుతుంది, హీమోగ్లోబిన్ పడిపోతుంది. అంటే ఆయనకు ఇనుము లేక కాదు, ఉన్నది చేతికి రాక. ఇలాంటప్పుడు టానిక్ ఎంత పోసినా పేగు దగ్గరే ఆగిపోతుంది, ఎక్కువ భాగం మర్నాడు పొద్దున బయటికే. జబ్బు తగ్గుతున్నకొద్దీ హెప్సిడిన్ దానంతట అదే దిగుతుంది, రెండు మూడు నెలల్లో చాలామందికి ఐరన్ లేకుండానే రక్తం పెరగడం మొదలవుతుంది. ఒడిశాలో టీబీ రోగుల మీద చేసిన ఒక అధ్యయనం 2003లో వచ్చింది. ఐరన్ ఇచ్చినవాళ్లకు మొదటి నెలలో హీమోగ్లోబిన్ కాస్త ఎక్కువ పెరిగింది గానీ తరువాత ఇవ్వనివాళ్లూ అందుకున్నారు, రోగం తగ్గడంలో తేడా కనపడలేదు. కాబట్టి టానిక్ తాగడం వల్ల మీ ఆయనకు ఏదో ఘోరం జరిగిపోయిందని భయపడొద్దు, కానీ డబ్బు దండగ.

అలాగని టీబీ వచ్చిన ప్రతివాళ్లకూ ఐరన్ వద్దని కాదు. కొందరికి ఆ జబ్బు రాకముందే నిజంగా ఇనుము తక్కువుంటుంది, ముఖ్యంగా ఆడవాళ్లలో. అది తేల్చడానికి ఫెరిటిన్ పరీక్ష ఉంది, అదీ జ్వరం, వాపు ఉన్నప్పుడు కాస్త తప్పుదోవ పట్టిస్తుంది, అందుకే డాక్టరు ‘చూద్దాం’ అన్నారు. ఆ మాట మీద కోపం వద్దు, సబబైన మాటే. టానిక్ డబ్బులతో గుడ్లు, పెసలు, వేరుశనగ పప్పు కొనండి. టీబీ రోగికి నిక్షయ్ పోషణ్ అనే ప్రభుత్వ పథకం కింద నెలకు వెయ్యి రూపాయలు బ్యాంకులో పడాలి, 2018లో 500తో మొదలైంది, 2024 నవంబరు నుంచి వెయ్యి చేశారు. పడకపోతే మీ ఆశా కార్యకర్తను అడగండి, బ్యాంకు ఖాతా వివరాలు తప్పుగా ఎక్కినా ఆగిపోతుంది. ఇంట్లో మిగతావాళ్లు కూడా కడుపునిండా తినాలి. జార్ఖండ్‌లో టీబీ రోగుల కుటుంబాలకు నెలనెలా బియ్యం, పప్పులు ఇచ్చి చూస్తే ఇంట్లోవాళ్లకు టీబీ రావడం 39 నుంచి 48 శాతం దాకా తగ్గిందని 2023లో తేలింది. ఇంత బలమైన రుజువు ఏ టానిక్ సీసాకూ లేదు, ఈ మాట అత్తమ్మకు నా మాటగా చదివి వినిపించండి.

అన్నిటికంటే ముఖ్యం, ఆరు నెలల కోర్సు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తరువాత నాలుగు నెలలు మూడు. రక్తం పెరిగింది, ఆకలి వేస్తోంది, దగ్గు తగ్గింది అని మూడో నెలలో ఆపేసేవాళ్లే మొండి టీబీ తెచ్చుకునేది.

ప్రశ్న: ఇనుము మనిషికి బలం అని మా తాతల నాటి నుంచి వింటున్నాం. క్రిములకు మేత అంటారేంది? ఇది ఈ మధ్య పుట్టిన మాటా? (ఒక పెద్దాయన, బుచ్చిరెడ్డిపాలెం)

జవాబు: మీ తాతగారి కన్నా పాత మాటే అయ్యా. పారిస్‌లో ట్రూసో అనే డాక్టరు ఉండేవాడు, 19వ శతాబ్దం నాటి మనిషి, రక్తం పాలిపోయినట్టు ఉన్నంత మాత్రాన టీబీ రోగులకు ఇనుము ఇవ్వొద్దని, నిద్రపోతున్న రోగం లేస్తుందని తన శిష్యులకు చెప్పేవాడు. అప్పటికి కాక్ టీబీ క్రిమిని కనిపెట్టనే లేదు, అది 1882లో. కేవలం రోగుల్ని చూసి చెప్పిన మాట. ఆ తరువాత ఆఫ్రికాలో కొన్నిచోట్ల ఇనుప పాత్రల్లో పులియబెట్టిన బీరు ఏళ్ల తరబడి తాగి ఒంట్లో ఇనుము పేరుకుపోయినవాళ్లలో టీబీ ఎక్కువగా ఉందని 1990ల్లో అధ్యయనాలు వచ్చాయి.

ఇంకో సంగతి చెప్తే మీకే అర్థమవుతుంది. 2009లో చికాగోలో ఒక పరిశోధకుడు ప్లేగు క్రిమితో పని చేస్తూ చనిపోయాడు. ఆయన వాడింది నీరసపరిచిన రకం. ఇనుమును లాక్కునే శక్తి దానికి లేకుండా పోయింది కాబట్టి ప్రమాదం లేదని ల్యాబుల్లో మామూలుగానే వాడేవాళ్లు. తరువాత పరీక్షల్లో బయటపడిందేమంటే ఆయనకు పుట్టుకతోనే ఒంట్లో ఇనుము పేరుకుపోయే జబ్బు ఉంది, హీమోక్రోమటోసిస్, అది ఆయనకే తెలియదు. లాక్కోవాల్సిన పని లేకుండా క్రిమికి అక్కడ ఇనుము సిద్ధంగా ఉంది. మామూలు మనిషి రక్తంలో ఇనుము విడిగా తిరగదు, ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీను పట్టుకునే ఉంటుంది. కన్నీళ్లలో, తల్లిపాలలో లాక్టోఫెరిన్ ఉంటుంది, అదీ ఇనుమును పట్టి ఉంచేదే. బలమూ నిజమే, మేతా నిజమే, ఎవరి చేతికి అందుతుంది అన్నదే తగువు.

ప్రశ్న: నేను ఒంగోలులో బయోటెక్నాలజీ చదువుతున్నాను మేడం. హెప్సిడిన్‌ను మా సీనియర్లు యాంటీమైక్రోబియల్ పెప్టైడ్ అంటారు, మా పుస్తకంలో హార్మోను అని ఉంది. ఏది కరెక్టు? టీబీ క్రిమిని నిజంగా చంపుతుందా? (ఒక విద్యార్థిని, ఒంగోలు)

జవాబు: రెండూ, అమ్మాయీ. కానీ పరీక్షలో ఒకటే రాయమంటే హార్మోను అని రాయి.

ఈ కథ నాకు చాలా ఇష్టం, కాస్త సాగదీస్తా. లాస్ ఏంజెలిస్‌లో టోమాస్ గాంజ్ అని ఊపిరితిత్తుల డాక్టరు, తెల్ల కణాల్లో క్రిముల్ని చంపే చిన్న ప్రోటీన్ల మీద పని చేసేవాడు, 1985లో డిఫెన్సిన్లను వెలుగులోకి తెచ్చిన బృందంలో ఆయనొకడు. అదే తరహా పెప్టైడ్ల కోసం వెతుకుతుంటే మనిషి మూత్రంలో ఒకటి దొరికింది, కాలేయంలో తయారవుతోందని 2001లో ప్రకటించారు. దానికి ఏడాది ముందే జర్మనీ బృందం ఒకటి రక్తం వడకట్టిన ద్రవంలోంచి ఇదే పెప్టైడును పట్టింది. ఇద్దరూ చూసింది ఒకటే, బ్యాక్టీరియానూ బూజులనూ చంపుతోందా లేదా. అదే సమయంలో పారిస్‌లో సోఫీ వోలోం బృందం ఏదో వేరే జన్యువు తీసేసిన ఎలుకల్ని పెంచుతోంది, చక్కెర సంగతులు చూడటానికి. ఆ ఎలుకల కాలేయాల్లో ఇనుము కుప్పలుగా పేరుకుపోయింది. ఎందుకా అని తవ్వితే, వాళ్లు తీసేసిన జన్యువు పక్కనే హెప్సిడిన్ జన్యువులుండి అవి కూడా మూగబోయాయని తేలింది. అట్లా అనుకోకుండా ఇనుము సంగతి బయటపడింది. చివరికి 2004లో గాంజ్, ఎలిజబెటా నెమెత్ కలిసి ఫెర్రోపోర్టిన్ దగ్గర ఏం జరుగుతుందో చూపించారు. హెప్సిడిన్‌లో ఎనిమిది సిస్టీన్లు, నాలుగు డైసల్ఫైడ్ బంధాలు, ఇది గుర్తుపెట్టుకో, వైవాలో అడుగుతారు.

ఇక టీబీ. పరీక్షనాళికలో హెప్సిడిన్ టీబీ క్రిమి ఎదుగుదలను అడ్డుకుంది. 2007లో ఒహాయో పరిశోధకులు ఇంకో అడుగు వేశారు, మైకోబ్యాక్టీరియా (టీబీ క్రిమి కుటుంబం) సోకిన మాక్రోఫేజ్‌కు, రోగనిరోధక కణాలు వదిలే గామా ఇంటర్‌ఫెరాన్ అనే సంకేతం తోడైతే ఆ కణమే సొంతంగా హెప్సిడిన్ తయారు చేసుకుంటుందని, క్రిమి దాక్కున్న సంచిలోకే అది చేరుతుందని చూపించారు. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. కానీ రక్తంలో మామూలుగా ఉండే మోతాదు క్రిమిని చంపడానికి చాలదు, చాలా రెట్లు ఎక్కువ కావాలి. ఆ చిన్న సంచిలో అంత మోతాదు నిలుస్తుందా అన్నదే ప్రశ్న. ‘సహజ యాంటీబయాటిక్’ అని పేపర్లో హెడ్డింగు పెట్టేవాళ్లు ఈ ముక్క వదిలేస్తారు.

అసలు చిక్కుముడి ఇంకోటుంది, నీకు ప్రాజెక్టుకు పనికొస్తుంది. రక్తంలో తిరిగే క్రిములకైతే ఇనుమును కణాల్లో దాచేయడం మంచి ఉపాయం. టీబీ క్రిమి ఉండేదే మాక్రోఫేజ్ లోపల కదా! ఇనుమంతా తెచ్చి దాని ఇంట్లోనే పెట్టినట్టు అవదూ? అవుతుంది, కొంతవరకు. అందుకే కణం ఇంకా రకరకాల పనులు చేస్తుంది. ఎన్‌ర్యాంప్-1 అనే ప్రోటీను క్రిమి ఉన్న సంచిలోంచి లోహాల్ని బయటికి తోడేస్తుంది. గామా ఇంటర్‌ఫెరాన్ వస్తే కణం కొత్త ఇనుమును లోపలికి తీసుకోవడం తగ్గిస్తుంది. అటు క్రిమి ఊరుకోదు, మైకోబాక్టిన్, కార్బాక్సీ మైకోబాక్టిన్ అనే అణువుల్ని వదిలి ఇనుమును గుంజుకుంటుంది. మన ఒళ్లు సిడరోకాలిన్ అనే ప్రోటీనుతో ఆ కార్బాక్సీ మైకోబాక్టిన్‌నే పట్టేస్తుంది. ఈ పోటీలో హెప్సిడిన్ పెరగడం రోగికి మేలా కీడా అంటే ఒక్క మాటలో జవాబు లేదు, రోగం ఏ దశలో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. హెప్సిడిన్ ఎక్కువైతే మందుతో తగ్గించాలని ఒకరు, దాని పోలికతో మందు చేసి ఇవ్వాలని ఒకరు. రెండో రకం మందు ఒకటి, ఎర్ర కణాలు అతిగా పెరిగే జబ్బుకు, పెద్ద పరీక్షల దాకా వచ్చింది. టీబీకి కాదు. హైదరాబాద్ సీసీఎంబీలో కూడా యాంటీమైక్రోబియల్ పెప్టైడ్ల మీద ఎన్నో ఏళ్లుగా పని జరిగింది, వాళ్ల పేపర్లు వెతికి చదువు.

ప్రశ్న: అన్నీ మనుషుల గురించేనా మేడం? మాకు విడవలూరు దగ్గర ఆరెకరాల వనామీ గుంటలున్నాయి. ఒక కంపెనీ అబ్బాయి వచ్చి ‘పెప్టైడ్ పొడి, మేతలో కలిపితే తెల్లమచ్చ రాదు, యాంటీబయాటిక్ కాదు కాబట్టి ఎగుమతికి ఇబ్బంది లేదు’ అంటున్నాడు. కొనమంటారా? (ఒక రొయ్యల రైతు, విడవలూరు)

జవాబు: భలే ప్రశ్న అన్నా. ఎందుకంటే మీ గుంటలోని వనామీకి పెప్టైడ్లు సొంతంగానే ఉన్నాయి. రొయ్యకు మనలాగా యాంటీబాడీలు తయారు చేసుకునే ఏర్పాటు లేదు, అందుకే దానికి టీకా మనకు పనిచేసినట్టు పనిచేయదు. దాని రక్తకణాల్లో పెనీడిన్లనే పెప్టైడ్లు నిల్వ ఉంటాయి, 1997లో మొదట బయటికి తీసింది వనామీ నుంచే.

ఇక ఆ పొడి. పెప్టైడ్ అంటే ప్రోటీను ముక్క, మేతతో పాటు పొట్టలోకి పోతే జీర్ణరసాలు దాన్ని కూడా మేతలాగే అరిగించేస్తాయి. కొన్ని రకాలు తట్టుకుంటాయి, పేగులో కాస్త పని చేస్తాయి, ల్యాబు తొట్లలో ఎదుగుదల బాగుందని చూపిన పరిశోధనలు లేకపోలేదు. కానీ తెల్లమచ్చ వైరస్ వల్ల వచ్చే జబ్బు. ‘రాదు’ అని గ్యారంటీగా చెప్పేవాడిని నమ్మొద్దు. ఆ అబ్బాయిని మూడు అడగండి: పొడిలో ఉన్న పెప్టైడ్ పేరేంటి, ఏ గుంటల్లో పెట్టి చూశారు, పక్కన పొడి వేయని గుంట పెట్టుకుని పోల్చారా. నీళ్లు నమిలితే మీకు జవాబు దొరికినట్టే. సరే వాడి చూద్దామంటే ఒక్క గుంటలో వాడండి, అదే రోజు అదే సీడ్ వదిలిన ఇంకో గుంట వదిలేయండి.

ఇంకో జాగ్రత్త. కొలిస్టిన్ కూడా పెప్టైడే, బ్యాక్టీరియా తయారు చేసే పెప్టైడ్. దాన్ని తినే జంతువులకు, చేపలు రొయ్యలతో సహా, వాడకూడదని మన ప్రభుత్వం 2019లో నిషేధించింది, మనుషులకు చివరి అస్త్రంగా మిగిలిన మందు కాబట్టి. ‘పెప్టైడ్ అంటే యాంటీబయాటిక్ కాదు’ అన్న మాట అన్నిసార్లూ నిజం కాదన్నమాట. ప్యాకెట్ మీద పదార్థాల పేర్లు లేని పొడి గుంట గట్టు కూడా ఎక్కనియ్యొద్దు.

ప్రశ్న: నేను క్వార్ట్జ్ క్వారీలో తొమ్మిదేళ్లు చేశాను. ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసం, పొడి దగ్గు. రక్తం తక్కువని ఊళ్లో ఆర్ఎంపీ ఐరన్ ఇంజెక్షన్లు పెడతానంటున్నాడు. (ఒక సోదరుడు, సైదాపురం)

జవాబు: వద్దు తమ్ముడూ. ముందు ఛాతీ ఎక్స్‌రే, తెమడ పరీక్ష. మైకా, క్వార్ట్జ్ గనుల్లో, పలక రాయి కోసే చోట లేచే సన్నటి సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే దాన్ని మింగేది కూడా ఆ మాక్రోఫేజ్ కణాలే, మింగి అరిగించుకోలేక చస్తాయి. టీబీ క్రిమిని పట్టాల్సిన కణాలే దెబ్బతింటే ఏమవుతుంది? ఆ దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ వచ్చే అవకాశం కొన్ని రెట్లు ఎక్కువ. రెండూ కలిసి కూడా ఉండొచ్చు. ఎక్స్‌రేలో ఒకదాన్ని చూసి ఇంకోటనుకోవడం మామూలు, కాబట్టి ‘క్వారీలో తొమ్మిదేళ్లు’ అన్న మాట డాక్టరుకు మీరే ముందు చెప్పాలి, ఆయన అడిగేదాకా ఆగొద్దు. తెమడను ట్రూనాట్ లేదా సీబీనాట్ మిషన్‌లో చూడమనండి, గవర్నమెంటులో ఉచితం. పొద్దున్నే లేచి నోరు పుక్కిలించి, లోపల్నుంచి దగ్గి తీసిన తెమడ ఇవ్వాలి, ఉమ్ము కాదు. జబ్బేంటో తేలకుండా నరానికి ఐరన్ ఎక్కించుకోవడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, పేగు దగ్గర ఆగే అవకాశం కూడా ఉండదు.

ప్రశ్న: నాకిప్పుడు అయిదో నెల. మీ పేజీ చదివాక ఐరన్ మాత్రలంటే భయమేసి నాలుగు రోజులుగా వేసుకోవడం లేదు. (కనిగిరి నుంచి ఒక చెల్లెలు)

జవాబు: ఈరోజే మళ్లీ మొదలుపెట్టు! నేను రాసింది లోపల టీబీ లాంటి జబ్బు రగులుతున్నవాళ్ల సంగతి. నీకు కావాల్సింది బిడ్డకూ నీకూ కలిపి ఇనుము, తిండితో అది చాలదు. ఏఎన్ఎం ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. వికారంగా ఉంటే రాత్రి పడుకోబోయే ముందు వేసుకో, టీతో వద్దు, పాలతో వద్దు. నిమ్మకాయ నీళ్లతో అయితే బాగా పడుతుంది, మన గూడూరు నిమ్మకాయలకు ఏం తక్కువ. ఐరన్ మింగాక ఒక రోజు దాకా హెప్సిడిన్ పెరిగి ఉంటుందని, అందువల్ల రోజు విడిచి రోజు వేసుకుంటే మాత్రకు మాత్రకు ఎక్కువ పడుతుందని స్విట్జర్లాండ్ పరిశోధకులు చూపించారు, కానీ అది ఎక్కువగా గర్భం లేని ఆడవాళ్ల మీద చేసిన పరీక్ష. నీ డాక్టరు రోజూ అంటే రోజూనే.

ప్రశ్న: ఇనుప పెనం మీద దోసెలు వేసుకుంటే ప్రమాదమా? (కందుకూరు)

జవాబు: శుభ్రంగా వేసుకోండి. పులుసు ఇనుప మూకుడులో కాస్తే కూడా కాస్త ఇనుము దిగుతుంది, మంచిదే. ఆఫ్రికా బీరు సంగతి వేరు, లీటర్లకు లీటర్లు, ఏళ్ల తరబడి.

ప్రశ్న: ఎండలో కూర్చుంటే టీబీ రాదని, విటమిన్ డి వల్ల ఒంట్లో పెప్టైడ్లు పుడతాయని ఎక్కడో చదివాను. నిజమా? (ఒక టీచరు, పొదిలి)

జవాబు: సగం నిజం మాస్టారూ. 2006లో కాలిఫోర్నియా పరిశోధకులు చూపిందేమంటే, టీబీ క్రిమి ఆనవాలు తగిలిన మాక్రోఫేజ్ విటమిన్ డి సాయంతో కాథెలిసిడిన్ అనే పెప్టైడును తయారు చేసి క్రిమి మీదికి పంపుతుంది. అంతకుముందు వందేళ్ల కిందట ఫిన్సెన్ అనే డాక్టరు చర్మం టీబీకి వెలుతురుతో వైద్యం చేసి 1903లో నోబెల్ తీసుకున్నాడు కాబట్టి అందరికీ ఆశ పుట్టింది. తీరా మనుషుల మీద చూస్తే? మంగోలియాలో ఎనిమిది వేలమందికి పైగా బడిపిల్లలకు మూడేళ్లు విటమిన్ డి ఇచ్చారు, 2020లో ఫలితం వచ్చింది, టీబీ సోకడంలో తేడా లేదు. కణంలో జరిగేది వేరు, మనిషిలో జరిగేది వేరు, ఈ రంగంలో ఇది మళ్లీమళ్లీ కనిపిస్తుంది. పొదిలి ఎండలో ఇంకా కూర్చోవడం ఎందుకండీ, మే నెలలో వడదెబ్బ గ్యారంటీ. రెండు వారాలు దాటిన దగ్గున్న పిల్లల్ని పరీక్షకు పంపండి, మీ చేతిలో ఉన్న పని అది.

ప్రశ్న: మాకు ఉదయగిరి దగ్గర నెల్లూరు జాతి గొర్రెలున్నాయి. నాలుగైదు మేత తింటూనే ఎండుకుపోతున్నాయి. పశువుల డాక్టరు జోన్స్ వ్యాధి కావచ్చు, టీబీ క్రిమికి చుట్టం అన్నారు. దానికీ ఇనుముకూ సంబంధం ఉందా? (ఒక కాపరి కొడుకు, డిగ్రీ రెండో సంవత్సరం)

జవాబు: ఉంది, అసలు మైకోబాక్టిన్ కథ మొదలైందే అక్కడ. జోన్స్ వ్యాధి క్రిమి ల్యాబులో ఎంత మేపినా పెరిగేది కాదు. 1912 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో ట్వార్ట్ అనే ఆయన, తరువాత బ్యాక్టీరియాను తినే వైరస్‌లను మొదట గుర్తించిందీ ఈయనే, చచ్చిన వేరే మైకోబ్యాక్టీరియా సారం కలిపితే ఇది పెరుగుతుందని కనిపెట్టాడు. ఆ సారంలో ఉన్నదేమిటో తేలడానికి ఇంకో మూడు నాలుగు దశాబ్దాలు పట్టింది, అదే మైకోబాక్టిన్, ఇనుమును పట్టే అణువు. జోన్స్ క్రిమి దాన్ని బయట సరిగ్గా తయారు చేసుకోలేదు, చుట్టాల దగ్గర అరువు తెచ్చుకోవాలి. నేటికీ దాన్ని పెంచాలంటే మైకోబాక్టిన్ కలుపుతారు.

గొర్రెల్లో ఈ జబ్బుకు పశువుల్లోలాగా పారుడు అన్నిసార్లూ కనపడదు, ఎండుకుపోవడమే ఎక్కువ, అందుకే నట్టల మందు తాపుతూ కూర్చుంటారు. పెంటికల పరీక్ష, రక్త పరీక్ష చేయించండి. తేలితే వైద్యం లాభం లేదు, మందలోంచి తీసెయ్యాల్సిందే. పెంటికల ద్వారా మేతకూ నీళ్లకూ అంటుకుంటుంది, చిన్నపిల్లలకే ఎక్కువ సోకుతుంది కాబట్టి పిల్లల్ని ఆ గొర్రెల దగ్గర ఉంచొద్దు. జబ్బు గొర్రెల్ని సంతలో అమ్మి ఇంకొకరి మందకు అంటించొద్దని మీ నాయనకు చెప్పు, ఆయన ఒప్పుకోకపోయినా చెప్పు.

ప్రశ్న: నేను రొయ్యలు వలిచే షెడ్డులో పని చేస్తాను. వేలికి ముల్లు గుచ్చుకున్న చోట చిన్న గడ్డ లేచింది, నెల దాటినా మానలేదు, చెయ్యి పైకి ఇంకో రెండు లేచాయి. నొప్పి పెద్దగా లేదు. ఇదీ మీరు రాసే క్రిములేనా? (ఒక అక్క, ముత్తుకూరు)

జవాబు: అయ్యే అవకాశం ఉంది అక్కా. మైకోబ్యాక్టీరియం మెరైనమ్ అని చేపల నీళ్లలో ఉండే టీబీ చుట్టం ఒకటుంది. దానికి చల్లదనం ఇష్టం, 30, 33 డిగ్రీల దగ్గర బాగా పెరుగుతుంది, అందుకే ఒంట్లోకి పోకుండా వేళ్లూ చేతుల దగ్గరే ఉంటుంది, మెల్లగా వరసగా పైకి పాకుతుంది. ఇంట్లోవాళ్లకు అంటదు, భయం లేదు. కానీ మామూలు అయిదు రోజుల యాంటీబయాటిక్‌కు లొంగదు, నెలలు వాడాలి. చర్మం డాక్టరు దగ్గరికి పోయి ‘రొయ్యల షెడ్డులో పని, ముల్లు గుచ్చుకుంది’ అని చెప్పు, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపమను. ఈ మాట చెప్పకపోతే సెగగడ్డ అనుకుని ఆయింట్‌మెంట్ రాసిస్తారు.

ఇంకోటి, నీకు కాకపోయినా షెడ్డులో అందరికీ చెప్పు. ముల్లు గుచ్చుకున్న కొద్ది గంటల్లోనే చెయ్యి వాచిపోయి, విపరీతమైన నొప్పి, జ్వరం, నల్లటి బొబ్బలు వస్తే అది వేరే క్రిమి, విబ్రియో వల్నిఫికస్, ఉప్పునీళ్లలో ఉంటుంది. కాలేయం చెడినవాళ్లను, ఇనుము పేరుకుపోయినవాళ్లను అది రోజుల్లో చంపేస్తుంది. హెప్సిడిన్ లేని ఎలుకలు దానికి ఇట్టే చనిపోయాయి, ఇనుము బయట దొరుకుతుంటే దాని ఎదుగుదల అంత వేగం. అప్పుడు పసరు కట్టడాలు, రేపు చూద్దాం అనడాలు లేవు, ఆ రాత్రికే నెల్లూరు పెద్దాసుపత్రికి పోవాలి.